మా వార్డు జపాన్ బాబాయ్

జపాన్ బాబాయ్ పోయాడన్న కబురు మా తమ్ముడు ఫోన్లో చెప్పాడు. "దీదీ, జపాన్ బాబాయ్ నహీ రహే" అన్నాడు. వాడు పుట్టి పెరిగింది ఛత్తీస్‌గఢ్‌లో, భిలాయిలో. తెలుగులో కూర వడ్డించమని అడగగలడు, కోపం తెచ్చుకోగలడు, చావు కబురు మాత్రం హిందీలోనే చెప్పగలడు. నేనప్పుడు బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పెన్నుకి మూత పెట్టాను. ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. ఏం చెయ్యను? ఆయన తలపుకొస్తే ముందుగా కనిపించేది మా ఖుర్సీపార్ పేట చౌరస్తాలో తెల్ల గ్లౌజులు వేసుకుని నిలబడి, వచ్చేపోయేవాళ్లందరికీ నడుం వంచి దండం పెడుతూ, ఆ ఊపులో రోడ్డు దాటుతున్న గేదెకి కూడా వంగిపోయిన మనిషి.

"గేదెకి కూడానా బాబాయ్?" అని స్కూటీ ఆపి అడిగాను ఆ రోజు.

ఆయన నడుం నిమురుకుంటూ, "దానికి ఓటు నేదు గానీ, దాన్ని తోలుకొచ్చినోడికుందమ్మా" అన్నాడు.

మా నాన్నా ఆయనా విజయనగరం దగ్గర పక్కపక్క ఊళ్లవాళ్లు. ఒకే ఏడు భిలాయి వచ్చి ఉక్కు ప్లాంటులో చేరారు, ఖుర్సీపార్‌లో గోడకి గోడ ఆనుకుని కాపురాలు పెట్టారు. అలా ఆయన మాకు బాబాయ్, వాళ్లావిడ పిన్ని. ఆయన అసలు పేరు రేషన్ కార్డుకి తప్ప ఎవరికీ అక్కరపడలేదు. తెలుగువాళ్లకి జపాన్ బాబాయ్, మిగతావాళ్లకి జపానీ అంకుల్.

భిలాయిలో ఇది చిన్న విషయం కాదు. ఇది రష్యావాళ్ల చేతి మీదుగా లేచిన ప్లాంటు. మా చిన్నప్పుడు పెద్దవాళ్ల కబుర్లన్నీ రష్యా ఇంజనీర్ల గురించే. వాళ్లు చలికి ఏం తాగేవారు, హిందీ ఎలా మాట్లాడేవారు, ఎండకి ఎలా ఎర్రబడిపోయేవారు. కాస్త పైస్థాయి ఇళ్లల్లో అయితే షోకేసులో ఒకదాంట్లో ఒకటి దూరే చెక్కబొమ్మలు తప్పనిసరి. అలాంటి ఊళ్లో ఈయనొక్కడూ జపాన్ పక్షం.

కారణం ఉంది. పెళ్లి కాకముందు, రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేసే రోజుల్లో, కొంతమందిని శిక్షణకని జపాన్‌లో ఒక ఉక్కు పట్నానికి పంపారు. మిగతావాళ్లు టేప్ రికార్డర్లూ కెమెరాలూ గొడుగులూ తెచ్చుకున్నారు. బాబాయ్ ఒక కోటూ, ఒక మనిషి కథా తెచ్చుకున్నాడు.

ఆ కథ నేను ఎన్నిసార్లు విన్నానో. పెళ్లి పందిట్లో విన్నాను, కరెంటు పోతే అరుగు మీద విన్నాను, మా నాన్న ఆపరేషన్ గదిలో ఉంటే బయట బెంచీ మీద కూడా విన్నాను. ప్రతిసారీ ఒకేలా మొదలయ్యేది.

"పొద్దున్నే షిఫ్టుకెల్తన్నామా, గేటు కాడ ఒక చెక్కపెట్టి మీద ఒకాయన నిలబడున్నాడు. ఈనుపుల్లలాగున్నాడు. సేతులకి తెల్ల గ్లౌజులు. బుజం మీంచి అడ్డంగా ఒక పట్టీ, దాని మీద పేరు. ఒచ్చిన ప్రెతీవోడికీ నడుం వొంచి 'ఒహయో' అంతన్నాడు. నాను వాచ్‌మేన్ అనుకున్నాను. అంత మర్యాదగున్నాడు కదాని నానూ వొంగేను. అంతే, పెట్టి దిగొచ్చీసి నా సెయ్యట్టుకున్నాడు. ఆయన ఆ ఊరి వార్డు మెంబరంట. పోనీ ఎలక్షన్లా అంటే, అవి ఎప్పుడో అయిపోనాయంట. ఊరికినే నిలబడ్డాడు. మన ఊళ్లో ఎలక్షనయిపోనాక ఎవుడైనా అవుపడ్డాడేటమ్మా?"

ఆ శిక్షణ సాగినన్నాళ్లూ పొద్దున్నే ఇద్దరూ వంగి పలకరించుకునేవారట. చివరి రోజు మాత్రం చిక్కొచ్చి పడింది. ఆయన మామూలు కంటే ఎక్కువ వంగాడు. మర్యాదకి బాబాయ్ ఇంకాస్త వంగాడు. ముందు ఎవరు లేవాలో ఇద్దరికీ తెలియలేదు. ప్లాంటు సైరన్ మోగేదాకా ఇద్దరూ నేల చూస్తూ ఉండిపోయారట.

తర్వాత ఆ మనిషి ఎదుగుదల అంతా బాబాయ్ ఖుర్సీపార్‌లో కూర్చునే చూశాడు. శిక్షణలో వీళ్లకి మాటలు తర్జుమా చేసిపెట్టిన జపాన్ కుర్రాడు ఒకడు ఏటా కొత్త సంవత్సరానికి కార్డు పంపేవాడు. అందులో రెండు ఇంగ్లీషు వాక్యాలు. ఒకటి తన పిల్లల గురించి, ఒకటి ఆయన గురించి. వార్డు మెంబరు మేయరయ్యాడు. మేయరు పార్లమెంటుకి నిలబడి ఓడిపోయాడు. మళ్లీ నిలబడి గెలిచాడు. అలా ఏడాదికొక వాక్యం చొప్పున బాబాయ్‌కి ఆ జీవితం అందుతూ వచ్చింది. నేను కాలేజీకొచ్చాక ఇంటర్నెట్ సెంటర్లకి నన్ను తీసుకెళ్లేవాడు. "ఏటమ్మా, మావోడు ఏటి సేత్తన్నాడో సూడు" అని పక్కన కూర్చునేవాడు.

ఈ 'మావోడు' అన్న మాటతో చాలా గొడవలయ్యాయి. ఆయన మంత్రయ్యాడని కార్డు వచ్చిన ఏడు, బాబాయ్ టీ కొట్టు దగ్గర అందరికీ టీ ఇప్పించి, "మావోడు మంత్రయిపోనాడు" అని చెప్పాడు. కోహ్కా నుంచి వచ్చిన తెలుగు పెద్దమనిషి ఒకాయన అది నిజంగా నమ్మేశాడు. మర్నాడు అరటిపళ్లు పట్టుకుని ఇంటికొచ్చి, తన అల్లుడికి బదిలీ కావాలని పిన్ని దగ్గర మొదలుపెట్టాడు. పిన్ని ఆయన మాట పూర్తిగా విని, పళ్లు లోపల పెట్టి వచ్చి, "అల్లుడికి జపాన్ బాస వొచ్చేటండి?" అని అడిగింది.

పిన్ని నోరు అలాంటిది. "ఈయన జపాన్ వెళ్లొచ్చాక నన్ను సేసుకున్నాడు గానీ, మనసు ఆ చెక్కపెట్టి కాడే ఒగ్గేసొచ్చాడు" అనేది. ఆయన చెప్పే కథలో ఏదైనా మాట తప్పిపోతే మాత్రం వంటింట్లోంచి తనే అందించేది.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, అందరూ అనుకున్నట్టే, బాబాయ్ మునిసిపల్ ఎన్నికల్లో మా వార్డు నుంచి నిలబడ్డాడు. అక్కడ వార్డు సభ్యుణ్ణి పార్షద్ అంటారు. ఏ పార్టీ ఆయన్ని పిలవలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు. పిన్ని పాత పట్టు జాకెట్టు గుడ్డ విప్పి భుజం పట్టీ కుట్టింది. కూల్‌డ్రింకు సీసాల పెట్టె తిరగేసి, దాని మీద నిలబడి బాబాయ్ ప్రచారం మొదలుపెట్టాడు. ఉపన్యాసం లేదు, డప్పులు లేవు. పొద్దున్న షిఫ్టుకి వెళ్లేవాళ్లకి వంగడం, సాయంత్రం వచ్చేవాళ్లకి వంగడం. తెల్ల గ్లౌజులు చూసి ట్రాఫిక్ పోలీసనుకుని కొందరు బళ్లాపి లైసెన్సులు తీసి చూపించారు.

జపాన్‌లో ఎన్నికలకి నిలబడేవాళ్లు కళ్లు లేని గుండ్రటి బొమ్మ ఒకటి పెట్టుకుని, మొక్కుకుంటూ ఒక కన్ను దిద్దుతారట. గెలిస్తే రెండోది. ఖుర్సీపార్‌లో ఆ బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? బాబాయ్ గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయకి ఒక కన్ను గీశాడు. ఎన్నికల్లో మూడో స్థానంలో వచ్చాడు. గుమ్మడికాయ ఒంటికన్నుతోనే కుళ్లిపోయింది.

ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున్న నేను బడికి వెళ్తున్నాను. చౌరస్తాలో బాబాయ్ పెట్టె మీద ఉన్నాడు. గ్లౌజులు, పట్టీ, అన్నీ ఉన్నాయి. ఓటమికి మతి పోయిందేమోనని భయపడ్డాను.

"అయిపోయింది కదా బాబాయ్, ఇంటికి పదండి" అన్నాను.

"గెలిచినోడికి ఇయ్యాల ఊరేగింపులుంటాయి. నాకు ఖాళీయే కదా, ఓటేసినోళ్లకి థాంక్యూ సెప్పుకుంతన్నాను. మావోడు ఓడిపోయినప్పుడూ మర్నాడు నిలబడ్డాడు" అన్నాడు.

"వేసినవాళ్లెవరో ఎలా తెలుస్తుంది?"

"తెలీదు. అందుకే అందరికీ."

ఆ రోజు జనం నవ్వలేదు. సైకిల్ మీద వెళ్తున్న పెద్దాయన ఒకాయన దిగి, సైకిల్ పట్టుకునే వంకరగా తిరిగి వంగాడు. ఆ తర్వాతి ఎన్నికల్లో బాబాయ్ గెలిచాడంటే ఆ పొద్దున్నే కారణమని మా నాన్న చెప్పేవాడు. పిన్ని లెక్క వేరు. గుమ్మడికాయ ఈసారి మంచిది దొరికిందని ఆవిడ అభిప్రాయం.

పార్షద్‌గా ఆయన మరీ గొప్పగానూ చెయ్యలేదు, చెడ్డగానూ చెయ్యలేదు. కుళాయిలు వేయించాడు, దీపాలు పెట్టించాడు, ఆఫీసుల్లో గుమస్తాలకి వంగి వంగి వాళ్లని ఇబ్బంది పెట్టాడు. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం నా ఫోన్లో ఒక వీడియో చూపించాను. జపాన్‌లో ఎక్కడో వంతెన పనుల దగ్గర ప్రమాదం జరిగింది. అది బాబాయ్ 'మావోడి' శాఖ కిందికి వస్తుంది. ఆయన కెమెరాల ముందు నిలబడి, ఒక్క మాట చెప్పి, నడుం వంచాడు. తల నెరిసిపోయింది. ఎంతసేపటికీ లేవలేదు. ఆ తర్వాత పదవి వదిలేశాడు.

బాబాయ్ వీడియో మళ్లీ పెట్టమన్నాడు. "ముసిలోడయిపోనాడు" అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాతి వానాకాలంలో మా వార్డులో పులియా కూలింది. పెద్ద మురుగు కాలవ మీద రోడ్డు దాటడానికి వేసిన చిన్న సిమెంటు వంతెన అది, బాబాయ్ పట్టుబట్టి వేయించిందే. రిబ్బను కూడా ఆయనే కత్తిరించాడు. మొదటి పెద్ద వానకి ఒక మూల విరిగిపోయింది. సరిగ్గా అప్పుడే కూరల బుట్ట నెత్తిన పెట్టుకుని దాటుతున్న ఛత్తీస్‌గఢీ ఆవిడ, మేమంతా సబ్జీ దీదీ అనే ఆవిడ, కాలవలో పడి కాలు విరగ్గొట్టుకుంది.

పని నాసిగా చేసింది కాంట్రాక్టరని అందరికీ తెలుసు. బాబాయ్‌ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆయనకి కష్టమయింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడని పిన్ని మా అమ్మతో చెప్పింది. అది చెప్పేటప్పుడు పిన్ని వెటకారం ఆడలేదు. దాంతో మాకు నిజంగా భయం వేసింది.

దీదీ ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక ఆదివారం పొద్దున్న వార్డు జనాన్ని సామాజిక భవనానికి పిలిచాడు. దీదీని ఆటోలో తెప్పించి, ముందు వరసలో కూర్చోబెట్టి, కట్టు కాలు ఇంకో కుర్చీ మీద పెట్టించాడు. ఆయన జపాన్ నుంచి తెచ్చుకున్న కోటు వేసుకొచ్చాడు. బొత్తాములు పొట్ట దగ్గర కలవలేదు. వచ్చి దీదీ ఎదురుగా నిలబడి, వంగాడు.

గ్లౌజులతో చౌరస్తాలో వంగడం వేరు. ఇది వేరు. నడుం నుంచి తల దాకా పలకలా అయిపోయాడు, ఎంతకీ లేవడు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. వెనక ఎవరో "చక్కర్ ఆ గయా క్యా?" అని, కళ్లు తిరిగాయేమోనని కంగారుపడి నీళ్లు తేబోయారు. నేను పిన్ని వైపు చూశాను. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన లేచి, హిందీలో చెప్పాడు. పులియా నేను వేయించాను, నా వల్ల ఈమె పడింది, పార్షద్ పదవికి రేపు రాజీనామా ఇచ్చేస్తున్నాను, క్షమించండి.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. వద్దన్నవాళ్లు, శభాష్ అన్నవాళ్లు, కాంట్రాక్టర్ని తిట్టినవాళ్లు. అంతా సద్దుమణిగాక దీదీ నోరు విప్పింది. ఆవిడకి కోపం వచ్చిందని గొంతు వింటే తెలిసింది.

"తోర్ జపాన్ వాలా హా ఇస్తీఫా దేయిస్. ఫేర్ పుల్ లా కోన్ బనాయిస్?"

నీ జపాన్ వాడు రాజీనామా ఇచ్చాడు, సరే, మరి వంతెన ఎవడు కట్టాడు? అని.

ఇంకా అంది. నువ్వు ఇంటికెళ్లి కూర్చుంటావు, కొత్తవాడొచ్చి అది పాతవాడి పని అంటాడు, నేను కాలు బాగయ్యాక బుట్ట ఎత్తుకుని ఎలా దాటను? వంగావు, బాగుంది, ఇప్పుడు లేచి ఆ పని చూడు.

బాబాయ్ కథలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. సభ ఎలాగో ముగిసింది. నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, ఆ రాజీనామా తరవాత మావోడు ఏటి సేసేడో సూడు" అన్నాడు.

బయట మెట్ల మీద కూర్చుని ఫోన్లో వెతికాను. జపాన్ భాషని ఫోను దానికి తోచినట్టు తర్జుమా చేసింది. అతికష్టం మీద ఒక ఫోటో దొరికింది. గడ్డి టోపీ పెట్టుకుని, ఏటి ఒడ్డున మడత కుర్చీలో కూర్చుని, గాలం వేసుకుంటున్నాడు. ముఖంలో మంచి ప్రశాంతత ఉంది. రాజకీయాలు మానేసి సొంతూళ్లో చేపలు పట్టుకుంటున్నాడని కింద రాసుంది. ఆ వంతెన సంగతి ఎక్కడా లేదు.

బాబాయ్ ఫోన్ దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు.

"సేపలేటి?" అన్నాడు.

"చేపలే బాబాయ్."

"మరి ఆ వొంతెన?"

"ఏమీ రాయలేదు."

బాబాయ్‌కి తన మీదే కోపమో, ఆ గడ్డి టోపీ మీద కోపమో నాకు తెలియలేదు. చివరికి కోటు విప్పి చేతి మీద వేసుకుని లేచాడు. "సేపలు పట్టుకోడం నాకు రాదులే" అని ఇంటికి నడిచాడు. రాజీనామా ఇవ్వలేదు.

మర్నాటి నుంచి కాంట్రాక్టర్ ఇంటి ముందు పెట్టె వేశాడు. ఆ మనిషి పొద్దున్న గుమ్మం తలుపు తీసేసరికి తెల్ల గ్లౌజులతో బాబాయ్ వంగి దండం. కారెక్కబోతే దండం. సాయంత్రం దిగితే దండం. ఒక్క మాట లేదు, తిట్టు లేదు. వీధిలోవాళ్లు కిటికీల దగ్గర చేరారు. కొన్ని రోజులకి కాంట్రాక్టర్ చేతులు జోడించి, "అంకుల్, గాలీ దే దీజియే, యే మత్ కీజియే" అన్నాడట. తిట్టండి గానీ ఇది మాత్రం చెయ్యకండి, అని. తిట్టడం తనకి రాదన్నాడట బాబాయ్.

విరిగిన పులియా పూర్తిగా పగలగొట్టించి మళ్లీ వేశారు. పోత పోసినన్ని రోజులూ బాబాయ్ గొడుగేసుకుని అక్కడే కూర్చున్నాడు. ఈసారి రిబ్బను లేదు. దీదీ కట్టు విప్పాక, కర్ర పట్టుకుని వచ్చి, ముందు ఆ కర్రతో సిమెంటుని గట్టిగా కొట్టి చూసింది. మధ్యదాకా వెళ్లి ఆగి, గెంతలేక కాలు నేలకేసి తన్నింది. తర్వాత అవతలకి వెళ్లిపోయింది. మర్నాడు పిన్నికి ఒక సొరకాయ పంపింది.

పార్షద్ పదవి గడువు అయ్యాక బాబాయ్ మళ్లీ నిలబడలేదు. కథ చెప్పడం కూడా తగ్గించేశాడు. ఎవరైనా అడిగితే చెప్పేవాడు గానీ, మంత్రి పదవి దాకా వచ్చాక "ఆ తరవాత ఇంటికెల్లిపోనాడు" అని ముగించేసేవాడు. గాలం ఊసు ఎత్తేవాడు కాదు.

కొన్నేళ్లకి ఒక సాయంత్రం నా ఫోన్లో చిన్న వార్త కనిపించింది. జపాన్‌లో ఆ మాజీ మంత్రి పోయాడు. నేనప్పటికి భిలాయిలోనే, రుఆబాంధాలో ఉంటున్నాను. ఫోన్లో చెప్పబుద్ధి కాక స్కూటీ వేసుకుని ఖుర్సీపార్ వెళ్లాను. బాబాయ్ పెరట్లో మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. విని, మగ్గు బకెట్లో వేశాడు.

"నిద్దట్లోనేనా?" అన్నాడు.

"అవును బాబాయ్."

"మంచి మనిషమ్మా" అన్నాడు. "సేపలు పడితే మాత్రం ఏటయిపోనాది? ముసిలోడు, అలిసిపోనాడు" అన్నాడు. మళ్లీ మగ్గు తీసుకుని మిగతా మొక్కలకి కూడా నీళ్లు పోశాడు.

పదకొండో రోజున భోజనాలు పెడతానన్నాడు. పిన్ని వింతగా చూసింది గానీ కాదనలేదు. సామాజిక భవనంలోనే పెట్టారు. ముందురోజు నేను ఒక ఫోటో ప్రింటు తీయించుకొచ్చాను. చెక్కపెట్టె మీద నిలబడినవాడిది కాదు, మంత్రిగా ఉన్నప్పటిదీ కాదు. ఫోన్లో వెతికి బాబాయే ఏరుకున్నాడు, గడ్డి టోపీది. దానికి బంతిపూల దండ వేశారు. సబ్జీ దీదీ బుట్టెడు కూరలు తెచ్చి, కుంటుతూనే గరిటె పట్టుకుంది. ఆ ఫోటో ఎవరిదో సగం మందికి తెలియదు. అయినా వచ్చినవాళ్లు వచ్చినట్టు దండం పెట్టి, వంటలెలా ఉన్నాయో కనుక్కుని కూర్చున్నారు.

మా తెలుగువాళ్ల గుడి పంతులుగారిని పిలిచాడు. ఆయన ముందు సందేహించాడు. తర్వాత, "మిత్రులకి కూడా తిలోదకాలు వదలొచ్చులెండి, శాస్త్రంలో ఉంది" అని పీట వేయించాడు. బాబాయ్ ఉత్తరీయం వేసుకుని కూర్చున్నాడు.

"పేరు చెప్పండి" అన్నాడు పంతులుగారు.

బాబాయ్ చెప్పాడు. పంతులుగారికి నోరు తిరగలేదు. మళ్లీ చెప్పించుకుని, విడగొట్టి, చివర సంస్కృతం అతికించి ఎలాగో పలికాడు.

"గోత్రం?"

బాబాయ్ ఫోటో వైపు చూశాడు.

"తెలీకపోతే పరవాలేదు, కాశ్యప అనేద్దాం. తెలీనివాళ్లందరికీ అదే" అన్నాడు పంతులుగారు.

"తెలీకపోడమేటండి. మా గోత్రమే. మాదే సెప్పండి" అన్నాడు బాబాయ్.

వంటల దగ్గర నుంచి పిన్ని, "సెప్పండి పంతులుగారూ, ఇన్నేళ్లూ ఈ ఇంట్లోనే ఉన్నాడు" అంది.

పంతులుగారు ఆ గోత్రమే పలికి, దర్భతో చేసిన పవిత్రం బాబాయ్ వేలికి తొడిగి, అరచేతిలో నువ్వులు వేసి, నీళ్లు పోశాడు.